పండగకు కాలనీ స్థలం ఎవరిది? అనుమతి ఎవరివ్వాలి, గొడవొస్తే ఎవరిని అడగాలి?

2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, మర్నాడు 31న రంజాన్. అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ మాత్రం ఒక్కటే. ఉగాది పంచాంగ శ్రవణానికి వేసిన షామియానా ఆ రాత్రికే తీయాలా? మర్నాడు పొద్దున రంజాన్ విందు పెట్టుకుంటామన్న ఇంటికి కూడా అదే షామియానా, అవే కుర్చీలు ఇవ్వాలా? దాని అద్దె ఎవరు కట్టాలి?

తిరుపతి, చిత్తూరు కాలనీల్లో ఇలాంటి ప్రశ్నలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. సంక్రాంతి ముగ్గుల పోటీ, గంగమ్మ జాతర అంబలి, వినాయక చవితి మండపం, దసరా బొమ్మల కొలువు, అయ్యప్ప పడిపూజ, క్రిస్మస్ ప్రార్థన... అన్నింటికీ ఉన్నది ఆ ఒక్క పార్కు, ఆ ఒక్క సెల్లార్, ఆ ఒక్క వీధి మలుపే. పండగ మూడు రోజుల్లో అయిపోతుంది. మాట పడితే మాత్రం పక్కింటివాళ్లతో ఏళ్ల తరబడి లిఫ్టులో తల తిప్పుకోవాల్సి వస్తుంది.

ఇలాంటి తగాదాల్లో ముందు తేల్చుకోవాల్సినవి రెండే. ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంది? ఏ రోజు ఎవరు వాడుకోవాలో ఎక్కడైనా రాసుకున్నారా?

క్లుప్తంగా చెప్పాలంటే..

- అపార్ట్‌మెంట్ ఉమ్మడి స్థలంలో ప్రతి ఫ్లాటు యజమానికీ వాటా ఉంటుంది. ఏ వర్గానికీ ప్రత్యేక హక్కు ఉండదు.
- ఆమోదిత లేఅవుట్‌లోని పార్కు కాలనీ సంఘానిది కాదు, మున్సిపాలిటీది లేదా పంచాయతీది.
- మైకు ఏ పండగకు పెట్టినా లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిషేధం అందరికీ ఒకటే.
- పండగ చందా స్వచ్ఛందం. మెయింటెనెన్స్‌తో కలిపి వసూలు చేయడం తగాదాకు దారి తీస్తుంది.
- అనుమతి ఆ కొన్ని రోజులకే. దాంతో స్థలం మీద హక్కు రాదు.

స్థలం ఎవరిదో ఎలా తెలుస్తుంది?

'మా కాలనీ పార్కు' అని అందరం అంటాం. కాగితాల్లో వేరేలా ఉండొచ్చు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా రిజిస్టర్ చేసి అప్పగించాలి. లేఅవుట్ రోడ్లు కూడా అంతే. అంటే పార్కు గేటు తాళం కాలనీ సంఘం దగ్గర ఉన్నా, ఆస్తి మాత్రం కార్పొరేషన్‌ది. సంఘం దాన్ని చూసుకుంటోంది, అంతే. ఒక వర్గానికి ఇచ్చి మరో వర్గానికి కాదనే అధికారం సంఘానికి లేదు.

తిరుపతిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ కార్పొరేషన్ స్థలాలతో పాటు టీటీడీ స్థలాలు, తుడా లేఅవుట్లు, చెరువు పోరంబోకు, దేవదాయ శాఖ భూములు, వక్ఫ్ భూములు పక్కపక్కనే ఉంటాయి. అనుమతి ఇచ్చే అధికారి స్థలాన్ని బట్టి మారతారు.

- పార్కు, మున్సిపల్ రోడ్డు, మున్సిపల్ మైదానం: కార్పొరేషన్ కమిషనర్ కార్యాలయం
- చెరువు గట్టు, పోరంబోకు: రెవెన్యూ శాఖ, అంటే తహసీల్దారు
- ప్రభుత్వ పాఠశాల ఆవరణ: ప్రధానోపాధ్యాయుల ద్వారా విద్యాశాఖ
- టీటీడీ కల్యాణ మండపం, టీటీడీ ఖాళీ స్థలం: టీటీడీ
- గుడి, మసీదు, చర్చి ఆవరణ: ఆ సంస్థ యాజమాన్యం
- అపార్ట్‌మెంట్ సెల్లార్, టెర్రస్, క్లబ్‌హౌస్: యజమానుల సంఘం

స్థలం ఎవరిదో తెలియకపోతే మొదట వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. లేఅవుట్ ఎల్పీ నంబరు చెబితే ప్లాన్‌లో ఏది పార్కు, ఏది రోడ్డు అన్నది తెలుస్తుంది. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీస్తే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిందో లేదో తేలిపోతుంది. అనుమతి లేని లేఅవుట్లలో మీరు పార్కు అనుకుంటున్నది ఎవరో ఒకరి ప్లాటే కావచ్చు. అందుకే పందిరి గుంజ పాతే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో 'మెజారిటీ' మాట చెల్లుతుందా?

ఫ్లాటు కొన్నప్పుడు మీ రిజిస్ట్రేషన్ పత్రంలో 'అవిభాజ్య వాటా' అని కొన్ని గజాలు రాసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 1987 ప్రకారం మెట్లు, సెల్లార్, టెర్రస్ వంటి ఉమ్మడి భాగాలు యజమానులందరివీ. వాటిని పంచుకోవడానికి వీల్లేదు. ఇతరుల హక్కుకు అడ్డు రాకుండా ఎవరైనా వాడుకోవచ్చు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కూడా బిల్డర్ ఉమ్మడి భాగాలను యజమానుల సంఘానికే అప్పగించాలి.

ఇక్కడే ఒక అపోహ ఉంది. 'నలభై ఫ్లాట్లలో ముప్పై ఆరు మావే, తీర్మానం చేసేశాం' అంటుంటారు. ఏ రోజు వాడుకోవాలి, ఎన్ని గంటల వరకు, ఎంత డిపాజిట్ అన్న నియమాలు మెజారిటీతో పెట్టుకోవచ్చు. ఆ నియమాలు అందరికీ ఒకేలా వర్తించాలి. 'వినాయకుడికి ఇస్తాం, క్రిస్మస్‌కు ఇవ్వం' అనో, 'క్రిస్మస్ స్టార్ కడతాం, ముగ్గు వేయనివ్వం' అనో తీర్మానం చేస్తే మిగతా వాటాదారు హక్కును తీసేసినట్టే. ఆ తీర్మానాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు.

చాలామంది వెంటనే రాజ్యాంగంలోని 25వ అధికరణను ఎత్తుతారు. మత స్వేచ్ఛ హక్కు ప్రధానంగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసేది. ప్రైవేటు సంఘం విషయంలో మీ చేతిలో ఉన్న గట్టి ఆధారాలు రెండు. ఒకటి మీ ఉమ్మడి యాజమాన్యం, రెండోది సంఘం బైలాస్. బైలాస్ కాపీ అడిగి తీసుకోండి. హాలు వాడకం గురించి అందులో ఒక్క ముక్క కూడా లేకపోతే, వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టాల్సిన మొదటి అంశం అదే.

అద్దెకు ఉండేవారి సంగతేమిటి? మెయింటెనెన్స్ కడుతున్నవారు వాళ్లే అయినా, వాడుకునే హక్కు యజమాని ద్వారానే వస్తుంది. యజమాని చేత ఒక లేఖ రాయిస్తే ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఇక చందా. మెయింటెనెన్స్ చట్టప్రకారం కట్టాల్సినది. పండగ చందా ఇష్టపడి ఇచ్చేది. రెండూ ఒకే రసీదులో వేస్తే 'మా డబ్బుతో మీ పండగా' అన్న మాట వస్తుంది. పండగ ఖాతాను వేరుగా ఉంచి, జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెడితే ఆ మాటకు చోటుండదు.

పార్కులో, వీధిలో మండపానికి ఏం చేయాలి?

వినాయక చవితి మండపాలకు రాష్ట్ర పోలీసు శాఖ ఆన్‌లైన్‌లో ఏకగవాక్ష విధానం పెట్టింది. 'గణేశ్ ఉత్సవ్ డాట్ నెట్' పోర్టల్‌లో నిర్వాహకుల వివరాలు, విగ్రహం ఎత్తు, మండపం స్థలం, నిమజ్జనం తేదీ నమోదు చేయాలి. పోలీసులు స్థలం చూసి సరే అంటే క్యూఆర్ కోడ్‌తో అనుమతి పత్రం వస్తుంది. దాన్ని మండపంలో కనిపించేలా పెట్టాలి. 2024లో మైకు, విగ్రహాలకు రుసుము వసూలు చేయడంపై విమర్శలు రావడంతో దాన్ని రద్దు చేయాలని ముఖ్యమంత్రి ఆదేశించారు. 2025లో వినాయక, దసరా మండపాలకు ప్రభుత్వం ఉచిత విద్యుత్ ఇచ్చింది. ఉచితమైనా సరే, తాత్కాలిక కనెక్షన్ కోసం ఏపీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు చేయాల్సిందే. స్తంభానికి కొక్కెం తగిలిస్తే వానాకాలంలో ప్రాణాల మీదకు వస్తుంది.

మిగతా పండగలకు, సభలకు పాత పద్ధతే. స్థలం యజమాని నుంచి ఒక అనుమతి, పోలీస్ స్టేషన్ నుంచి మరో అనుమతి. రోడ్డు మీద అయితే అంబులెన్స్, అగ్నిమాపక వాహనం వెళ్లేంత దారి వదలాలి. దరఖాస్తు కనీసం రెండు వారాల ముందు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఇద్దరు ఒకే స్థలం, ఒకే తేదీ అడిగితే ముందు ఎవరిచ్చారో చెప్పేది ఆ ముద్రే.

ఇంకో జాగ్రత్త. రోడ్లు, పార్కులు, ఇతర బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా కట్టరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబర్ 29న ఆదేశించింది. ఈ ఏడాది షామియానా, వచ్చే ఏడాది సిమెంటు దిమ్మె, ఆపై ఏడాది గోడలు.. ఇలా పెరిగే నిర్మాణాలకు ఈ ఆదేశం అడ్డు. మండపం తీసేశాక గుంజల గుంతలు కూడా పూడ్చాలని రాసుకోవడం మంచిది.

మైకు ఎంతవరకు?

తిరుపతిలో డిసెంబర్ నెల ఒక్కటి చూస్తే చాలు. ధనుర్మాసం మొదలవగానే తెల్లవారుజామునే తిరుప్పావై. అదే వారాల్లో రాత్రిపూట క్రిస్మస్ క్యారల్స్. ఒకరు ఆరుకు ముందు, ఇంకొకరు పదికి తర్వాత. నిబంధన ఇద్దరికీ ఒకటే. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ఏం చెబుతున్నాయంటే..

- అధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వాడకూడదు.
- రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకు పెట్టరాదు. నాలుగు గోడల మధ్య, శబ్దం బయటికి రాని హాలుకు మినహాయింపు ఉంది.
- మతపరమైన, సాంస్కృతిక పండగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వొచ్చు. అది కూడా ఏడాదికి 15 రోజులకు మించకూడదు. ఆ సడలింపు కాలనీ సంఘం ఇచ్చేది కాదు.
- నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45.
- ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.

చెన్నైలోని కేకేఆర్ మెజెస్టిక్ కాలనీ వాసులకు, అక్కడి ఒక చర్చికి మధ్య నడిచిన కేసులో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మైకులతో, డప్పులతో పక్కవారి ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదన్నది ఆ తీర్పు సారాంశం. దాన్ని ఒక చర్చి మీద వచ్చిన తీర్పుగా చూస్తే పొరపాటు. మండపానికి, మసీదుకు, రాజకీయ సభకు, పెళ్లి డీజేకు కూడా అదే కొలత.

ఒకే రోజు రెండు పండగలొస్తే?

ఇస్లామిక్ క్యాలెండర్ చాంద్రమానం. అధిక మాసం ఉండదు కాబట్టి ఆ పండగలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. మన పంచాంగంలో అధిక మాసం ఉంటుంది కాబట్టి మన పండగలు ఆ రుతువులోనే ఉండిపోతాయి. అందుకే కొన్నేళ్లకోసారి రెండూ ఎదురవుతాయి. ఇది ఎవరూ కావాలని చేసేది కాదు, లెక్క ప్రకారం వచ్చేదే.

హైదరాబాద్‌లో 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు వచ్చాయి. మిలాద్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024, 2025లోనూ రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి. అప్పుడూ మిలాద్ ఊరేగింపు తేదీనే జరిపారు. లక్షల మంది నడిచే నగరంలో ముందుగా కూర్చుని మాట్లాడుకుంటే తేదీలు కుదిరాయి. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో కుదరకపోవడానికి కారణం లేదు. కాకపోతే ఒక మాట గుర్తుంచుకోవాలి. ప్రతిసారీ ఒకరే జరగాలంటే అది సర్దుబాటు అనిపించుకోదు. ఈసారి వాళ్లు జరిగితే వచ్చేసారి మనం జరగాలి.

ఊరంతా ఒకే స్థలం వాడుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ముందు చాటింపు వేస్తారు. వారం పొడవునా ఏ రోజు ఏ వేషం, ఎవరు కట్టాలి, ఏ వీధుల్లో తిరగాలి అన్నది ముందే అందరికీ తెలుసు. వీధి అందరిదీ, వంతు మాత్రం ఖాయం. అపార్ట్‌మెంట్‌కు కావాల్సింది కూడా అలాంటి చాటింపే. జనవరిలో సంవత్సరం మొత్తానికి ఒక పట్టిక వేసి లిఫ్టు పక్కన అంటించడం.

కోర్టులు దేన్ని చూస్తాయి?

మూడు ఉదాహరణలు చూద్దాం.

2022 ఆగస్టు 30, వినాయక చవితికి ముందు రోజు. బెంగళూరు చామరాజపేట ఈద్గా మైదానంలో గణేశ్ ఉత్సవంపై సుప్రీంకోర్టు యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశించింది. ఆ స్థలం వక్ఫ్‌దా, ప్రభుత్వానిదా అన్నది అప్పటికే వివాదంలో ఉంది. అక్కడ అంతకుముందు అలాంటి ఉత్సవం జరగలేదన్నదీ ప్రస్తావనకు వచ్చింది. అదే రోజు రాత్రి కర్ణాటక హైకోర్టు హుబ్బళ్లి ఈద్గా మైదానంలో ఉత్సవానికి దారి ఇచ్చింది. అక్కడ స్థలం నగరపాలికదని, ఏడాదిలో రెండు రోజులు ప్రార్థన చేసుకునే అనుమతి మాత్రమే ఉందని ముందే తేలిపోయింది. ఒకే రోజు, ఒకే పండగ, రెండూ ఈద్గా మైదానాలే. ఫలితం వేరు. తేడా తెచ్చింది స్థలం కాగితాలు.

రెండోది మన రాష్ట్రానిదే. కొవిడ్ సమయంలో, 2021 సెప్టెంబర్ 8న ఏపీ హైకోర్టు ప్రైవేటు స్థలాల్లో వినాయక విగ్రహాలు పెట్టుకోవచ్చని, ఒకేసారి ఐదుగురికి మించకూడదని చెప్పింది. బహిరంగ స్థలాల్లో మాత్రం ప్రభుత్వ నిషేధాన్ని సమర్థించింది. పండగ చేసుకునే హక్కు వేరు, బహిరంగ స్థలాన్ని వాడుకునే హక్కు వేరు అన్న గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మూడోది పార్కుల గురించి. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ స్థలం మీద కాలనీవాసులు కోర్టుకు వెళ్లే హక్కును కూడా గుర్తించింది.

'ఇరవై ఏళ్లుగా ఇక్కడే పెడుతున్నాం' అనే మాటకు విలువ ఉందా? ఉంది. ఆనవాయితీని కోర్టులు పరిగణనలోకి తీసుకుంటాయి. అయితే అది ఆ రోజుల్లో ఆ పండగ జరుపుకోవడానికి పనికొచ్చే వాదన. మిగతా రోజుల్లో ఇంకొకరిని రానివ్వకుండా ఆపడానికి పనికిరాదు.

గొడవ వస్తే వరసగా ఏం చేయాలి?

1. సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో వాదన పెట్టకండి. అక్కడ రాసిన ఒక్క మాట స్క్రీన్‌షాట్ అయి ఊరంతా తిరుగుతుంది. తేదీ, సమయం, ఎంతమంది వస్తారు, మైకు ఉందా లేదా రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే అడగండి.

2. స్థలం ప్రభుత్వానిదైతే వార్డు సచివాలయం, కమిషనర్ కార్యాలయం. పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు.

3. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిపించి రాజీకి ప్రయత్నిస్తుంది. ఒక ప్రాంతవాసుల మధ్య శాంతి సామరస్యాలను దెబ్బతీసే వివాదాలకు ముగ్గురు మధ్యవర్తులతో 'సామాజిక మధ్యవర్తిత్వం' అనే పద్ధతిని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో పొందుపరిచారు. దానికి రెండు పక్షాల సమ్మతి ఉండాలి. అందులో కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీలాంటి బలం ఉండదు. మాట మీద నిలబడేవాళ్లకు అది చాలు.

4. గొడవ ముదిరితే 112. మైకు మీద ఫిర్యాదుకూ ఇదే నంబరు. శాంతిభద్రతలకు ముప్పు ఉందనుకుంటే మెజిస్ట్రేట్ అధికారాలున్న అధికారులు బీఎన్‌ఎస్‌ఎస్ 163 సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఇవ్వొచ్చు. పాత 144 సెక్షన్ ఇదే. స్థలం వాడుకునే హక్కుపైనే తగాదా అయితే 166 సెక్షన్ కింద విచారణ జరుపుతారు. ఒక్కటి గమనించండి. నిషేధాజ్ఞలు వస్తే ఆ ఏడాది ఇద్దరి పండగా ఆగిపోతుంది.

5. చివరికి కోర్టు. సంఘం తీర్మానంపై సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగవచ్చు. అధికారి అనుమతి అన్యాయంగా నిరాకరించినా, దరఖాస్తు మీద కూర్చున్నా హైకోర్టులో రిట్ వేయొచ్చు. పండగ ముందు రోజు పరుగెత్తడం కంటే దరఖాస్తు తిరస్కరించిన రోజే లాయరును కలవడం మేలు.

సంఘం తీర్మానంలో ఏం రాసుకోవాలి?

ఈ కింది నమూనాను మీ అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

'ఉమ్మడి హాలు/సెల్లార్‌ను పండగలకు వాడుకోదలచిన ఏ నివాసి అయినా 30 రోజుల ముందు దరఖాస్తు ఇవ్వాలి. జనవరిలో తయారైన వార్షిక పట్టికలో ఉన్న పండగలకు మొదటి ప్రాధాన్యం. ఒకే తేదీకి ఇద్దరు అడిగితే పూట చొప్పున పంచాలి. కుదరకపోతే చీటీ వేయాలి. ఈసారి రానివారికి వచ్చేసారి మొదటి అవకాశం. డిపాజిట్ అందరికీ సమానం. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు శుభ్రం చేసి అప్పగిస్తే తిరిగి ఇవ్వాలి. మైకు రాత్రి 10కి ఆపాలి. లిఫ్టు, మెట్లు, అగ్నిమాపక దారికి అడ్డు ఉండకూడదు. చందా స్వచ్ఛందం. పరీక్షల రోజుల్లో, ఎవరింట్లోనైనా మరణం సంభవించినప్పుడు మైకు వాడరాదు.'

చివరి వాక్యం ఏ చట్టంలోనూ లేదు. కానీ మన ఊళ్లలో ఎదురింట్లో శవం ఉంటే డప్పు ఆపడం ఎవరూ చెప్పకుండానే జరిగేది. రాసుకుంటే కొత్తగా వచ్చినవారికీ తెలుస్తుంది.

వచ్చే పండగ ఎవరిదైనా, ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. బైలాస్ కాపీ, లేఅవుట్ ప్లాన్ కాపీ తెచ్చి ఒక ఫైల్‌లో పెట్టుకోండి. తర్వాత పండగల పట్టిక వేయడానికి కూర్చునేటప్పుడు ఇప్పటివరకు ఎప్పుడూ హాలు అడగని ఇంటి తలుపు కూడా ఒకసారి తట్టండి. అడిగితే కాదంటారేమోనని వాళ్లు ఇన్నాళ్లూ అడగకుండా ఉండి ఉండొచ్చు.